చర్మమూ అమానతే, ఎముకలూ అమానతే

రమజాన్ పండుగ గడచి షవ్వాల్ మాసం ఆరంభం కాగానే మన మదరసాలలో కొత్త విద్యార్థుల చేరిక మొదలవుతుంది. తండ్రి ఒక చేత్తో ఇనుప పెట్టె, మరొక చేత్తో కుమారుని చెయ్యి పట్టుకొని వస్తాడు. ప్రవేశ పత్రం నింపిన పిమ్మట పిల్లవాణ్ణి మా ముందుకు నెట్టి, ఎంతో వినయంగా ఒక మాట అంటాడు: "మౌల్వీ సాబ్! చర్మం మీది, ఎముకలు మావి. వీణ్ణి మనిషిని చేయండి." దాదాపు ముప్పై సంవత్సరాలుగా ఏటేటా ఈ మాట మేము వింటూనే ఉన్నాము. తండ్రి ఆ మాట నమ్మకంతోనే అంటాడు. కాని ఆ క్షణంలో పిల్లవాని ముఖం వైపు చూసేవారు అరుదు.

తొలినాళ్ళలో మేము ఆ మాటకు చిరునవ్వుతో తల ఊపేవాళ్ళం. ఇప్పుడు మా సమాధానం వేరు. "భాయ్! చర్మం మాది కాదు, ఎముకలు మీవి కావు. రెండూ అల్లాహ్‌వే. మనిద్దరి దగ్గరా ఉన్నది అమానత్ మాత్రమే" అంటున్నాము. ఈ చిన్న సమాధానం నేర్చుకోవడానికి మాకు చాలా ఏళ్ళు పట్టింది. దానిని మాకు నేర్పినది ఒక పిల్లవాడు. ఆ సంగతి ముందుగా పాఠకులకు విన్నవించుకోవడం న్యాయమని భావిస్తున్నాము.

ఒక చింతబరికె

మేము హిఫ్జ్ తరగతి చెబుతున్న తొలి సంవత్సరాల మాట. పదేళ్ళ పిల్లవాడు ఒకడు మూడు రోజులపాటు ఒకే రుకూ దగ్గర ఆగిపోయాడు. సబఖ్ అప్పగించమంటే తడబడేవాడు. ఒక అక్షరం బదులు మరొక అక్షరం పలికేవాడు. అది నిర్లక్ష్యమని మేము నిర్ణయించాము. మా చేతిలో చింతబరికె ఉండేది. మొదట అరచేతి మీద కొట్టాము. నాలుగో రోజున వీపు మీద కొట్టాము. మరునాడు పిల్లవాడు రాలేదు. పారిపోయి అమ్మమ్మగారి ఊరు చేరుకున్నాడు.

వాని తండ్రి మా వద్దకు వచ్చాడు. నిలదీయడానికి కాదు, క్షమాపణ చెప్పుకోవడానికి! "వాడు మొండివాడు, మీకు కష్టం కలిగించాడు" అన్నాడు. మేము కూడా ఆ క్షమాపణను మా హక్కుగా స్వీకరించాము. కొన్ని నెలల తరువాత తెలిసింది, ఆ పిల్లవానికి చూపు మందమని. ముస్‌హఫ్‌లోని అక్షరాలు వానికి అలుక్కుపోయినట్లు కనిపించేవట. చుక్క ఒకటా, రెండా, మూడా అన్నది వాని కంటికి ఆనేది కాదు. కళ్ళద్దాలు పెట్టించవలసిన చోట మేము బరికె పెట్టాము.

చాలా ఏళ్ళకు ఒక మెకానిక్ దుకాణంలో అతడు తారసపడ్డాడు. మందపాటి కళ్ళద్దాలతో ఉన్నాడు. గౌరవంగా సలాం చేసి, చాయ్ తెప్పించాడు. మేము ఆనాటి సంగతి ఎత్తి మన్నించమని కోరాము. "ఎప్పుడో మన్నించాను హజ్రత్" అన్నాడు. కాస్సేపు ఆగి, "కాని ఖుర్ఆన్ తెరిచినప్పుడల్లా ఇప్పటికీ అరచేతులు చెమరుస్తాయి" అన్నాడు. ఒక పిల్లవానికీ దైవగ్రంథానికీ మధ్య మేము భయాన్ని నిలబెట్టాము. దానిని తొలగించడం ఇప్పుడు మా చేతిలో లేదు.

చట్టం ఏమంటున్నది?

ఈ దేశంలో బెత్తం ఒక్క మదరసాలకే చెందిన ఆచారం కాదు. మన తెలుగు నేలపై వీధిబడుల కాలంలో కోదండం వేయించేవారు, తొడపాశం పెట్టేవారు, గోడకుర్చీ వేయించేవారు. దండం దశగుణం అన్న సామెత అన్ని వర్గాల నోటా నానుతూనే ఉన్నది. మన పెద్దలు "ముర్గా బనో" అన్నారు. పొరుగువారి పెద్దలు "గుంజీళ్ళు తియ్" అన్నారు. తేడా మాటలోనే తప్ప పనిలో లేదు.

ఈ ఆచారాన్ని ప్రభుత్వాలు, న్యాయస్థానాలు క్రమంగా ప్రశ్నించసాగాయి. 2000 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు, అక్కడి పాఠశాలల నియమావళిలో ఉపాధ్యాయులకు శారీరక దండనను అనుమతించిన నిబంధనలను కొట్టివేసింది. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాఠశాలల్లో శారీరక దండనను నిషేధించింది. అనంతరం పార్లమెంటు 2009లో విద్యాహక్కు చట్టాన్ని ఆమోదించింది. అది 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ఆ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం ఏ బిడ్డనూ శారీరక దండనకు గాని, మానసిక వేధింపుకు గాని గురిచేయరాదు. దీనిని ఉల్లంఘించిన వారిపై సర్వీసు నియమాల ప్రకారం క్రమశిక్షణ చర్య తీసుకోవాలి. అనగా క్రమశిక్షణ విద్యార్థికి మాత్రమే కాదు, గురువుకూ వర్తిస్తుందని చట్టం గుర్తుచేసింది. అదే చట్టంలోని 16వ సెక్షన్, ప్రాథమిక విద్య పూర్తయ్యే వరకు ఏ బిడ్డనూ బడి నుండి వెళ్ళగొట్టరాదని చెబుతున్నది.

ఇక్కడ "మానసిక వేధింపు" అన్న మాటను మనం ప్రత్యేకంగా గమనించాలి. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ విడుదల చేసిన మార్గదర్శకాలు దీనిని విపులంగా వివరించాయి. కొట్టడం, గిల్లడం, చెవి మెలిపెట్టడం, జుట్టు లాగడం, మోకాళ్ళపై నిలబెట్టడం, గోడకుర్చీ వేయించడం, కాళ్ళ మధ్య నుండి చెవులు పట్టించడం, గదిలో బంధించడం, ఇవన్నీ శారీరక దండనలే. వెక్కిరించడం, మారుపేర్లు పెట్టడం, తల్లిదండ్రుల వృత్తిని గాని పేదరికాన్ని గాని ఎత్తిపొడవడం, నలుగురిలో సిగ్గుపరచడం మానసిక వేధింపులు. బరికె పట్టకుండానే "రిక్షావాడి కొడుకువి, నీకు చదువెందుకు?" అన్న ఉపాధ్యాయుడు కూడా ఈ నిషేధాన్ని అతిక్రమించినవాడే.

న్యాయస్థానాల ఆలోచన నేడు మరింత ముందుకు సాగింది. విశాఖపట్నంలో ప్రవేశ పరీక్షకు శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణించిన కేసులో, 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు జారీచేసింది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలలో మానసిక ఆరోగ్య సలహాదారు ఉండాలని, మార్కులను బట్టి విద్యార్థులను వేర్వేరు జట్లుగా విడదీయడం, బహిరంగంగా అవమానించడం మానుకోవాలని అందులో ఉన్నది. బిడ్డ ప్రాణం ఒక్క దెబ్బతోనే కాదు, ఒక మాటతో కూడా కుంగిపోగలదని దేశ అత్యున్నత న్యాయస్థానం గుర్తించింది.

2012 నాటి మినహాయింపు

ఇక మన ఇంటి సంగతికి వద్దాము. విద్యాహక్కు చట్టానికి 2012లో ఒక సవరణ జరిగింది. మదరసాలకు, వేద పాఠశాలలకు, ప్రధానంగా మతబోధ చేసే విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదని అందులో చేర్చారు. ఆ పిమ్మట 2014 మే నెలలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది.

ఈ మినహాయింపును కోరుకోవడంలో తప్పు లేదు. రాజ్యాంగంలోని 29, 30 అధికరణలు మనకు ఇచ్చిన హక్కు అది. మన పాఠ్యాంశాలను, మన నిర్వహణను మనమే నిర్ణయించుకొనే స్వేచ్ఛను కాపాడుకోవడం మన బాధ్యత. అయితే ఈ స్వేచ్ఛను మనం దేనికి వినియోగిస్తున్నాము? ఖుర్ఆన్, హదీసు, ఫిఖహ్ బోధించుకోవడానికి మినహాయింపు కోరాము. పసివాడి వీపు మీద వాతలు తేల్చడానికి మన పెద్దలెవ్వరూ మినహాయింపు కోరలేదు. "ఆ చట్టం మనకు వర్తించదు" అని ఒక ఉస్తాద్ నిశ్చింతగా అన్నప్పుడు మా గుండె బరువెక్కుతుంది. బడిలోని పిల్లవానికి రాజ్యం ఇచ్చిన రక్షణ మదరసాలోని పిల్లవానికి లేకుండాపోవడం మనకు గర్వకారణమా?

పైగా, ఆ నిశ్చింతకు పూర్తి ఆధారం కూడా లేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 75వ సెక్షన్ మదరసాకు మినహాయింపు ఇవ్వలేదు. తన సంరక్షణలో ఉన్న బిడ్డను కొట్టి గాని, హింసించి గాని, నిర్లక్ష్యం చేసి గాని అనవసరమైన బాధకు గురిచేసిన వారికి మూడేళ్ళ వరకు జైలు శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. బాలల సంరక్షణ బాధ్యత వహించే సంస్థలో పనిచేసేవారు ఆ నేరం చేస్తే శిక్ష ఐదేళ్ళ వరకు, జరిమానా ఐదు లక్షల వరకు పెరుగుతుంది. గాయపరచడం సాధారణ శిక్షాస్మృతి ప్రకారం కూడా నేరమే. విద్యాహక్కు చట్టం గడప దాటనంత మాత్రాన, మిగిలిన చట్టాలు కూడా గడప బయటే ఆగవు.

"హదీసులో ఉన్నది కదా!"

ఈ విషయం ఎత్తగానే కొందరు సోదరులు అబూ దావూద్ గ్రంథంలోని ఒక హదీసును ముందుకు తెస్తారు. ఏడవ ఏట పిల్లలకు నమాజు ఆదేశించమని, పదవ ఏట కూడా చదవకపోతే దండించమని తెలిపే హదీసు అది. దానిని మేము త్రోసిపుచ్చడం లేదు. కాని దానిని పూర్తిగా చదవమని కోరుతున్నాము. అది తల్లిదండ్రులకు చెప్పిన మాట. నమాజు గురించి చెప్పిన మాట. ఏడు నుండి పది వరకు మూడేళ్ళు. రోజుకు ఐదు పూటలు. అంటే ఐదు వేలకు పైగా సార్లు ప్రేమతో పిలిచిన పిమ్మట వచ్చే మాట అది. ఆ పైన కూడా ముఖం మీద కొట్టరాదని, మచ్చ పడరాదని, కోపం తీర్చుకోవడానికి చేయి ఎత్తరాదని ధర్మశాస్త్రవేత్తలు హద్దులు విధించారు. సబఖ్ మరచిన పిల్లవాణ్ణి తొలి పూటే బాదడానికి ఆ హదీసులో చోటెక్కడ?

స్వయంగా ఆ మాట చెప్పిన దైవప్రవక్త (సఅసం) ఆచరణ ఎలా ఉండేది? తమ చేత్తో ఏ స్త్రీనీ, ఏ సేవకుణ్ణీ కొట్టలేదని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. హజ్రత్ అనస్ (రజి) బాల్యంలోనే సేవకు చేరి పదేళ్ళు ఉన్నారు. ఆ పదేళ్ళలో విసుగుతో ఒక్క మాట కూడా వినలేదని ఆయనే సాక్ష్యమిచ్చారు. సహీహ్ ముస్లింలో హజ్రత్ ముఆవియా బిన్ హకమ్ (రజి) వృత్తాంతం ఉన్నది. ఆయన కొత్తగా ఇస్లాంలోకి వచ్చినవారు. నమాజులో మాట్లాడరాదని తెలియక మాట్లాడారు. చుట్టూ ఉన్నవారు తొడలు చరుస్తూ ఆయనను ఆపజూశారు. నమాజు ముగిశాక దైవప్రవక్త (సఅసం) ఆయనను కసరలేదు, కొట్టలేదు, తిట్టలేదు. నమాజులో మనుషుల మాటలకు తావు లేదని నెమ్మదిగా వివరించారు. అంతకు ముందు గాని, ఆ తరువాత గాని అంతకంటే ఉత్తమమైన గురువును తాను చూడలేదని ఆ సహాబీ చెప్పుకున్నారు. తప్పు చేసిన శిష్యుడే గురువుకు ఇచ్చిన యోగ్యతా పత్రం అది. మా శిష్యులు మాకు అటువంటి పత్రం ఇవ్వగలరా అని మేము మమ్మల్ని ప్రశ్నించుకుంటూ ఉంటాము.

మన పూర్వ పండితులు కూడా ఈ విషయాన్ని ఉపేక్షించలేదు. ఇమామ్ గజాలీ (రహ్మ) తమ 'ఇహ్యా'లో, గురువు శిష్యులను సొంత బిడ్డల వలె చూడాలని, దోషాన్ని బహిరంగంగా గాక సూచనప్రాయంగా సరిదిద్దాలని బోధించారు. 14వ శతాబ్దికి చెందిన ఇబ్నె ఖల్దూన్ (రహ్మ) తమ 'ముఖద్దిమా'లో ఏకంగా ఒక అధ్యాయాన్ని దీనికి కేటాయించారు. కాఠిన్యంతో పెరిగిన పిల్లవాని మనసు కుంచించుకుపోతుందని, ఉత్సాహం నశిస్తుందని, దెబ్బ తప్పించుకోవడానికి అబద్ధమూ కపటమూ అలవడతాయని, చివరకు అదే అతని స్వభావమవుతుందని ఆయన హెచ్చరించారు. మన చట్టసభలు ఈ విషయం ఆలోచించడానికి ఆరు శతాబ్దాల ముందే మన గ్రంథాలయాలలో ఉన్న మాట అది. మనం తెరవలేదు, అంతే.

బెత్తం లేకుంటే క్రమశిక్షణ ఎలా?

ఇది న్యాయమైన ప్రశ్న. ఒక ఉస్తాద్ ముందు యాభై మంది పిల్లలు కూర్చుంటారు. ప్రాథమిక తరగతులలో 30 మందికి, ప్రాథమికోన్నత తరగతులలో 35 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతున్నది. ఆ చట్టం మనకు వర్తించకపోయినా, ఆ లెక్కలోని వివేకం మనకూ పనికివస్తుంది. యాభై మంది సబఖ్ ఒక్కడే వినవలసి వచ్చి, చాలీచాలని జీతంతో, ఫజర్ నుండి ఇషా వరకు పనిచేసే ఉస్తాద్ చేతికి బెత్తం తొందరగా అందుతుంది. మదరసా నిర్వాహకులు బెత్తం మానమని ఆదేశించే ముందు, మరొక ఉస్తాద్‌ను నియమించి, ఉన్నవారికి గౌరవప్రదమైన వేతనం ఇవ్వాలి. ఉస్తాద్‌ను అలసటలో ముంచి, అతని నుండి సహనాన్ని ఆశించడం న్యాయం కాదు.

మా అనుభవంలో ఫలించిన కొన్ని పద్ధతులు ఇక్కడ విన్నవిస్తున్నాము. సబఖ్ రాని పిల్లవాణ్ణి దండించడానికి ముందు కారణం వెదకాలి: చూపు, వినికిడి, నిద్ర, ఆకలి, ఇంటి బెంగ. కొత్తగా చేరిన ప్రతి బిడ్డకూ కంటి పరీక్ష తప్పనిసరి చేశాము. సబఖ్ భారమైతే దానిని సగం చేసి, సులువైనచోట పెంచుతాము. తప్పు చేసినవానితో నలుగురిలో గాక ఒంటరిగా మాట్లాడుతాము. శిక్ష తప్పుకు తగినదై ఉండాలి: గోడ మీద గీసినవాడు గోడ తుడవాలి, తోటివాణ్ణి ఏడ్పించినవాడు వానిని క్షమాపణ కోరి, వాని పనిలో సాయపడాలి. మళ్ళీ మళ్ళీ జరిగితే తల్లిదండ్రులను పిలిచి, పిల్లవాని ఎదుటనే గౌరవంగా చర్చిస్తాము. వీటిలో ఏదీ బరికె అంత తొందరగా పనిచేయదు. తరగతి కొన్ని రోజులు అల్లరిగానే ఉంటుంది. కాని బరికె తెచ్చే నిశ్శబ్దం గురువు వీపు తిప్పేంత వరకే. పిల్లవాని మనసులో కలిగిన సిగ్గు గురువు లేనిచోట కూడా పనిచేస్తుంది.

భద్రత అంటే దెబ్బలు లేకపోవడం మాత్రమే కాదు

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక పాఠశాల వంటగదిలో పుట్టిన నిప్పు ఆకుల కప్పుకు అంటుకొని 94 మంది చిన్నారులను పొట్టన పెట్టుకున్నది. ఆ విషాదం నేపథ్యంలో నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్‌లో, భద్రమైన బడిలో చదువుకోవడం విద్యాహక్కులో భాగమేనని ప్రకటించి, పాఠశాలల్లో అగ్నిమాపక సాధనాలు అమర్చాలని, సిబ్బందికి వాటి వాడకం నేర్పాలని ఆదేశించింది. మన మదరసాలలో వంటగది ఎక్కడున్నది? రాత్రివేళ వసతి గది తలుపుకు బయటి నుండి తాళం పడుతున్నదా? ఒకే మెట్లదారి ఉన్నదా? కిటికీ ఊచల మధ్య నుండి బయటపడే మార్గం ఉన్నదా? ఈ ప్రశ్నలకు ప్రభుత్వ అధికారి వచ్చే వరకు ఆగవలసిన పని లేదు.

మరొక ప్రమాదం ఉన్నది. దానిని గురించి మాట్లాడడానికి మనకు సంకోచం. ఆ సంకోచమే దుర్మార్గునికి రక్షణ. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, బిడ్డపై లైంగిక అఘాయిత్యం జరిగిందని తెలిసిన, లేదా జరగవచ్చని అనుమానించిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి. తెలిసీ దాచితే ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు; తన కింద పనిచేసేవాని నేరాన్ని సంస్థ అధిపతి దాచితే ఏడాది వరకు శిక్ష పడవచ్చు. "మదరసా పరువు పోతుంది" అన్న మాట తరచు వింటుంటాము. పరువు నేరంతోనే పోయింది. దాచడంతో ఈమాన్ కూడా ప్రమాదంలో పడుతుంది. మజ్లూమ్ మొరకూ అల్లాహ్‌కూ మధ్య తెర ఏదీ లేదని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించిన సంగతి మనకు తెలియనిది కాదు.

తల్లిదండ్రులకు ఒక మనవి

సోదర సోదరీమణులారా! బిడ్డను మదరసాకైనా, బడికైనా, వసతి కళాశాలకైనా పంపే ముందు ఫీజు ఎంతని అడుగుతారు, ఫలితాలు ఎలా ఉన్నాయని అడుగుతారు. మరికొన్ని ప్రశ్నలు కూడా అడగండి. ఇక్కడ పిల్లలను కొడతారా? రాత్రి పిల్లల వద్ద ఎవరు ఉంటారు? వారానికి ఎన్నిసార్లు ఇంటికి ఫోను చేయనిస్తారు? ఆ సమయంలో ఎవరైనా పక్కన నిలబడి వింటారా? ఫిర్యాదు ఉంటే ఎవరికి చెప్పుకోవాలి? ఈ ప్రశ్నలకు చిరాకు పడే సంస్థలో బిడ్డను చేర్చే ముందు మరొకసారి ఆలోచించండి. ఆపదలో ఉన్న బిడ్డ కోసం ఎవరైనా ఉచితంగా పిలవగలిగే 1098 నంబరును పిల్లల చేత కంఠస్థం చేయించండి.

సెలవులకు ఇంటికి వచ్చిన బిడ్డ తిరిగి వెళ్ళనని ఏడిస్తే, వెంటనే "సోమరి" అనకండి. ఒళ్ళో కూర్చోబెట్టుకొని అడగండి. హజ్రత్ లుఖ్మాన్ (అలై) తన కుమారునికి ధర్మం బోధించినప్పుడు ప్రతిసారీ "ఓ నా చిట్టి తండ్రీ" అన్న పిలుపుతోనే మొదలుపెట్టారని దివ్యఖుర్ఆన్ మనకు తెలియజేస్తున్నది. మన ఇళ్ళలో ఆ పిలుపు ఉన్నదా? ఇంట్లో చెప్పు విసిరే చేతికి, మదరసాలో బెత్తం వద్దని చెప్పే అధికారం ఎక్కడిది?

ఈ షవ్వాల్‌లో కూడా ఒక తండ్రి వచ్చాడు. అదే ఇనుప పెట్టె, అదే వినయం, అదే మాట. మేము మా సమాధానం చెప్పి, "ఇక్కడ ఎవరైనా నీ మీద చేయి చేసుకుంటే, అది మేమైనా సరే, మీ అబ్బాకు చెప్పు బేటా" అని పిల్లవానితో అన్నాము. తండ్రి తత్తరపడ్డాడు. పిల్లవాడు మాత్రం మొదటిసారి తల ఎత్తి మా వైపు చూశాడు.

మా చేతి వల్ల, మా నోటి వల్ల బాధపడిన శిష్యులందరి హృదయాలనూ అల్లాహ్ చల్లబరచుగాక! మా పొరపాట్లను మన్నించుగాక! మన బిడ్డలు ఆయన గ్రంథాన్ని ప్రేమతో తెరిచే గురువులను వారికి ప్రసాదించుగాక! ఆమీన్.